ఈ వారం నెట్లో దొరికినవి: ఐదొందల మైళ్ళ మెయిలూ, నేను దాచిన ఒక్క లైనూ

ఈ వారమంతా ఆఫీసులో పని తక్కువ, కాపలా ఎక్కువ. పెద్ద రిలీజు ముందు ఎవరూ కోడ్ ముట్టుకోకూడదని ఫ్రీజ్ పెట్టారు. ముట్టుకోకూడదు సరే, సీట్లో మాత్రం ఉండాలట! పెళ్ళింట్లో వంటంతా అయిపోయాక గాడిపొయ్యి పక్కన కూర్చున్న వంటాయన పరిస్థితి అన్నమాట. లేచి వెళ్ళడానికి లేదు, చేయడానికేం లేదు. ఇంకేం చేస్తాం, ఎంచక్కా నెట్ మీద పడ్డాను. ఒకదాంట్లోంచి ఇంకొకదాంట్లోకి దూరుతూ ఐదు రోజుల్లో చాలా చదివాను. వాటిల్లో బాగా నవ్వించినవి మీకూ చెబుదామని మొదలెట్టాను. చివరికొచ్చేసరికి నవ్వు కాస్తా వేరే దారి పట్టింది. అదేంటో చివర్లో చెబుతాను. ముందు నవ్వుకుందాం.

1. కాఫీ ఉందా లేదా?

సోమవారం దొరికింది ఇది. చాలామందికి తెలిసిందే, అయినా మళ్ళీ చదివితే బాగుంటుంది. 1991లో ఇంగ్లండులో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం కంప్యూటర్ ల్యాబులో వాళ్ళందరికీ కలిపి ఒకటే కాఫీ పాత్ర. అది ట్రోజన్ రూమ్ అనే గది దగ్గర ఉండేది. వేరే అంతస్తుల్లో ఉన్నవాళ్ళు అంత దూరం మెట్లు దిగి వచ్చేసరికి పాత్ర ఖాళీ! మనమైతే ఆఫీస్ బాయ్‌ని తిట్టుకునేవాళ్ళం. వాళ్ళు దానికెదురుగా ఒక కెమెరా పెట్టారు. నలుపు తెలుపుల్లో, 128 బై 128 పిక్సెళ్ళ బొమ్మ. సీట్లో కూర్చునే కాఫీ ఉందో లేదో చూసుకోవచ్చు. 1993లో దాన్ని వెబ్‌కి తగిలించారు. ప్రపంచంలో మొట్టమొదటి వెబ్‌కామ్ అదే అంటారు. 2001 ఆగస్టులో ఆపేశారు. ఆ పాత్రని వేలం వేస్తే జర్మనీకి చెందిన ష్పీగెల్ ఆన్‌లైన్ 3,350 పౌండ్లు పెట్టి కొనుక్కుంది.

నాకు నచ్చిందేంటంటే, దాని గురించి రాసినప్పుడు వాళ్ళు 'దృశ్య సమాచార ప్రసార రంగంలో ప్రయోగం' లాంటి మాటలేమీ వాడలేదు. మాకు కాఫీ కావాలి, మెట్లెక్కి దిగడానికి బద్ధకం. అంతే :)

2. పావురాల మీద ఇంటర్నెట్

1990 ఏప్రిల్ 1న ఆర్‌ఎఫ్‌సీ 1149 అని ఒకటి వచ్చింది. ఆర్‌ఎఫ్‌సీలంటే తెలుసుగా, ఇంటర్నెట్ ఎలా నడవాలో చెప్పే పత్రాలు. ఇందులో ఐపీ ప్యాకెట్లని పావురాల కాళ్ళకి కట్టి పంపే పద్ధతి వివరించారు. ఏప్రిల్ ఫూల్ వ్యవహారమే, కానీ రాసిన తీరు మాత్రం పక్కా ప్రామాణిక పత్రంలాగే ఉంటుంది.

అక్కడితో ఆగితే అది జోకే. 2001 ఏప్రిల్‌లో నార్వేలోని బెర్గెన్ ఊళ్ళో లినక్స్ అభిమానులు కొందరు దీన్ని నిజంగానే చేసి చూశారు. ప్యాకెట్‌ని కాగితమ్మీద అచ్చేసి, పావురం కాలికి చుట్టి, సుమారు ఐదు కిలోమీటర్లు ఎగరేశారు. అవతల దాన్ని స్కాన్ చేసి, జవాబుని మళ్ళీ పావురానికి కట్టి పంపారు. మొత్తం తొమ్మిది పింగులు పంపితే నాలుగు జవాబులొచ్చాయి. అన్నిటికంటే వేగంగా వచ్చిన దానికి పట్టిన సమయం 53 నిమిషాలు. ఆలస్యంగా వచ్చినదానికి గంటా నలభై ఆరు నిమిషాలు. ప్యాకెట్ లాస్ 55 శాతం.

ఆ 55 శాతాన్ని వాళ్ళు దాచలేదు, పింగ్ కమాండ్ ఇచ్చిన లెక్కని ఉన్నదున్నట్టు పెట్టేశారు. మన వీక్లీ స్టేటస్ రిపోర్టులో అయితే ఏమయ్యేది? 'నాలుగు ప్యాకెట్లు విజయవంతంగా బట్వాడా. మిగతావి ప్రాసెస్‌లో ఉన్నాయి.' రంగు ఆకుపచ్చ. మన స్టేటస్ రిపోర్టులు పుచ్చకాయ లాంటివి కదా, పైకి పచ్చ, కోస్తే ఎరుపు.

3. ఐదొందల మైళ్ళు దాటని మెయిల్

ఇది మంగళవారం రాత్రి చదివి పక్క సీటాయన ఉలిక్కిపడేలా నవ్వాను. ట్రే హారిస్ అనే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ 2002లో రాసిన సంఘటన ఇది. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో మెయిల్ సర్వర్లు చూసుకుంటుండగా స్టాటిస్టిక్స్ విభాగాధిపతి ఫోన్ చేసి, "మా మెయిళ్ళు ఐదొందల మైళ్ళు దాటి వెళ్ళట్లేదు" అన్నాడట.

ఒక్కసారి ఆలోచించండి. మీకు అలాంటి టికెట్ వస్తే ఏం చేస్తారు? నేనైతే 'యూజర్‌కి అవగాహన కల్పించాం' అని రాసి మూసేసేవాణ్ణి. మెయిల్‌కి మైళ్ళేంటండీ! పైగా ఆయన స్టాటిస్టిక్స్ వాడాయె, ముందే చెప్పకుండా కొన్ని రోజులు కూర్చుని లెక్కలు కట్టి, మ్యాపు గీయించి మరీ ఫోన్ చేశాడు.

ట్రే హారిస్ నమ్మలేదు గానీ పరీక్ష చేసి చూశాడు. 420 మైళ్ళ దూరంలో ఉన్న న్యూయార్క్‌కి మెయిల్ వెళ్ళింది. 580 మైళ్ళ దూరంలో ఉన్న ప్రావిడెన్స్‌కి వెళ్ళలేదు! ఇక తవ్వడం మొదలెట్టాడు. బయటపడిందేంటంటే, ఎవరో కన్సల్టెంట్ వచ్చి సర్వర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ చేశాడు. (మెయిల్ జోలికి నేను వెళ్ళనే లేదు అని కూడా చెప్పాడట. ఈ డైలాగ్ దేశాలకతీతం.) ఆ అప్‌గ్రేడ్‌లో సెండ్‌మెయిల్ ప్రోగ్రాము మాత్రం 8 నుంచి వెనక్కి పాత 5కి పోయింది. కాన్ఫిగరేషన్ ఫైలు మాత్రం 8 కోసం రాసినదే ఉండిపోయింది. పాత ప్రోగ్రాముకి ఆ కొత్త సెట్టింగులు అర్థం కాక వదిలేసింది. దాంతో అవతలి సర్వర్ కోసం ఎంతసేపు ఆగాలి అన్న టైమౌట్ సున్నా అయిపోయింది. ఆ మెషీన్ మీద సున్నా అంటే మూడు మిల్లీసెకన్లకి కాస్త ఎక్కువ. ఆ నెట్‌వర్క్‌లో దారిలో ఆలస్యాలు దాదాపు ఉండవు, కాబట్టి మిగిలింది కాంతి వేగమే. మూడు మిల్లీసెకన్లలో కాంతి ఎంత దూరం వెళ్తుందో లెక్క వేస్తే 558 మైళ్ళ చిల్లర!

అంటే ఆ ప్రొఫెసర్ చెప్పింది అక్షరాలా నిజం. ("వెళ్ళి రావాలి కదా, సగమే కదా" అని లెక్కలు తీసే మిత్రులకి: నవ్వు తెప్పించడానికి, తప్పు చేసినవాళ్ళని కాపాడడానికి వివరాలు కాస్త మార్చానని అతను ముందే చెప్పాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.)

4. జ్ఞానం తట్టుకోలేని ఫోన్లు

ఇది మనదే. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్‌కి ఒక తెలుగు అక్షరం పంపిస్తే మెసేజి తెరిచే యాప్ అక్కడికక్కడే చచ్చిపోయేది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే మొరాయించేది. ఆ అక్షరం ఏదనుకున్నారు? 'జ్ఞా'. జ్ఞానంలో జ్ఞా! అంత ఖరీదైన ఫోను జ్ఞానాన్ని తట్టుకోలేకపోయిందని అప్పట్లో ఎన్ని జోకులో.

అప్పుడు నేను ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉన్నాను. మా హాస్టల్ బ్లాకు మొత్తానికి ఐఫోన్ ఉన్నవాడు ఒక్కడే. వాడి ఫోన్‌ని రోజుకి ఎన్నిసార్లు చంపామో లెక్కలేదు. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసేదాకా వాడు మాతో మాట్లాడలేదు.

ఈ వారం ఎందుకో గుర్తొచ్చి, అసలు కారణమేంటని వెతికాను. మామూలుగా మనం రాసే జ్ఞాతో గొడవ లేదు. జకి ఞ ఒత్తు పెట్టాక, దీర్ఘానికి ముందు, కనపడని అక్షరం ఒకటి దూరితేనే తంటా. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు సున్నా, పని మాత్రం పెద్దది: పక్కపక్క అక్షరాలు కలవకుండా ఆపుతుంది. తెలుగులో టైపు చేసేవాళ్ళకి ఇది రోజూ కావాలి. 'సాఫ్ట్‌వేర్' అని రాయాలంటే ట్ తర్వాత అది పెట్టాలి, లేకపోతే 'సాఫ్ట్వేర్' అయి ట కింద వ వత్తు వచ్చి కూర్చుంటుంది. అది రాకూడని చోట వచ్చేసరికి అక్షరాలు గీసే ప్రోగ్రాముకి మతిపోయిందన్నమాట. తెలుగే కాదు, దేవనాగరి, బెంగాలీ లిపుల్లో కూడా కొన్ని అక్షరాలతో ఇదే జరిగింది. ఇదంతా అదే నెలలో మోజిల్లాలో పనిచేసే ఒక ఇంజనీరు ఏయే అక్షరాలు, ఏ వరుసలో ఉంటే ఫోన్ చస్తోందో ఒక్కొక్కటీ పరీక్షించి వివరంగా రాశాడు. ఇంగ్లీషులో.

ఇక్కడ మాత్రం కాస్త గుచ్చుకుంది. నా భాష, నా అక్షరం, చదువుతున్నది కంప్యూటర్ సైన్సు. నేను చేసిందేంటి? ఫార్వర్డ్ చేశాను. 'ఎందుకు' అన్న ప్రశ్న నాకు ఇన్నేళ్ళ తర్వాత, అదీ పని లేని వారంలో తట్టింది.

5. తప్పు చూపిస్తే డబ్బులు

డొనాల్డ్ నూత్ పేరు అల్గారిథమ్స్ చదివిన ప్రతివాడూ వినే ఉంటాడు (పుస్తకం చదివారా అని అడక్కండి, నేనూ కొన్నాను, షెల్ఫులో ఉంది). ఆయన పుస్తకంలో తప్పు పట్టుకున్నవాళ్ళకి 2 డాలర్ల 56 సెంట్లకి చెక్కు రాసి పంపేవాడు. 256 సెంట్లంటే హెక్సాడెసిమల్‌లో ఒక డాలరు అని ఆయన లెక్క. ఆ చెక్కుల్ని మార్చుకోకుండా ఫ్రేము కట్టించుకున్నవాళ్ళు ఎంతోమంది. చెక్కుల మోసాల భయంతో 2008 నుంచి అసలు చెక్కులు మానేసి, శాన్ సెరిఫ్ అనే లేని దేశపు బ్యాంకు పేరుతో ధ్రువపత్రాలు ఇస్తున్నాడు.

అంతకన్నా నన్ను ఆపేసింది ఇంకొకటి. టెక్ అనే అక్షరకూర్పు ప్రోగ్రాము రాసినప్పుడు తను చేసిన తప్పులన్నీ ఒక చిట్టాలో రాసుకుని, వాటిని రకాలుగా విడదీసి, 1989లో 'టెక్‌లో తప్పులు' అన్న అర్థం వచ్చే పేరుతోనే పెద్ద వ్యాసంగా అచ్చు వేయించాడు. ప్రపంచమంతా దండం పెట్టే మనిషి ఇదిగో నేనిక్కడ ఇలా పప్పులో కాలేశాను అని నంబర్లేసి మరీ చెప్పాడు. మనం రెజ్యూమెలో 'మీ బలహీనత ఏమిటి' అంటే 'నేను మరీ ఎక్కువ కష్టపడతాను' అని రాస్తాం.

6. ఐదు బ్యాకప్పులు, ఒక్కటీ పనిచెయ్యలేదు

గురువారం రాత్రి చదివింది ఇది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో డేటాబేస్ కాపీ సరిగ్గా సింక్ అవట్లేదని ఒక ఇంజనీరు రాత్రి పొద్దుపోయేదాకా కుస్తీ పడుతున్నాడు. రెండో సర్వర్‌లో ఉన్న డేటా ఫోల్డరు తుడిచేసి మళ్ళీ మొదలెడదామని కమాండ్ కొట్టాడు. కొట్టింది అసలు సర్వర్‌లో. ఒకట్రెండు సెకన్లలో తెలిసి ఆపేసరికి 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది.

సరే బ్యాకప్ ఉంటుందిగా అనుకుంటాం. ఐదు రకాలున్నాయి, ఒక్కటీ వెంటనే అక్కరకు రాలేదు. రోజూ జరగాల్సిన బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల ఎప్పట్నుంచో ఫెయిలవుతోంది. ఫెయిలైందని చెప్పే మెయిళ్ళేమో అవతల తిరస్కరణకి గురై ఎవరికీ చేరట్లేదు. చివరికి వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ ఉంటే దాంతో లేపారు. ఆ ఆరు గంటల్లో మార్పులు పోయాయి: సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాల దాకా దెబ్బతిన్నాయి.

అసలు సంగతి ఇది కాదు. అంత పీకలమీదకొచ్చిన టైములో వాళ్ళు చేస్తున్నదంతా అందరూ చూడగలిగే డాక్యుమెంటులో రాస్తూపోయారు. రిపేరు పనిని యూట్యూబులో ప్రత్యక్ష ప్రసారం చేశారు! తర్వాత ఇచ్చిన నివేదికలో ఆ ఇంజనీరు పేరు లేదు, 'టీమ్ మెంబర్ 1' అని ఉంటుంది. నివేదికంతా ఎవరు అనే దాని గురించి కాదు, ఒక మనిషి ఒక తప్పు కమాండ్ కొడితే మొత్తం పోయేలా మా ఏర్పాటు ఎందుకుంది అనే దాని గురించి. ఆ మనిషి ఉద్యోగం పోలేదు.

ఇది చదివాక నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే మా కథలో కూడా ఒక టీమ్ మెంబర్ 1 ఉన్నాడు.



మూడేళ్ళ క్రితం మాట. కంపెనీ పేరు, క్లయింటు పేరు అనవసరం. టెస్ట్ సర్వర్‌లో పాత రికార్డులు తుడవడానికి నేనొక స్క్రిప్ట్ రాశాను. ఏ సర్వర్ మీద నడపాలో పేరు ఇవ్వాలి. ఒక మధ్యాహ్నం ప్రొడక్షన్‌లో చిన్న పని పడి, మాటిమాటికీ పేరు కొట్టడం బద్ధకమై ఒక లైను మార్చాను: పేరు ఇవ్వకపోతే ప్రొడక్షన్ అనుకో. ఒకే ఒక్క లైను. వెనక్కి మార్చడం మర్చిపోయాను. స్క్రిప్ట్ ఎలా నడపాలో రాసిన పేజీ కూడా నాదే. అందులో పేరు ఇవ్వాలన్న ముక్క లేదు.

ఎనిమిది నెలల క్రితమే చేరిన కుర్రాడు ఒకడు నైట్ షిఫ్ట్‌లో ఆ పేజీ చూసి, అక్షరం పొల్లుపోకుండా అందులో ఉన్నట్టే నడిపాడు. టెస్ట్ మీద నడుస్తోందనుకున్నాడు. ఆ రాత్రి మూడు గంటల పాటు కస్టమర్లకి వాళ్ళ పాత ఆర్డర్లు కనపడలేదు. మా బ్యాకప్ పనిచేసింది కాబట్టి తెల్లారేసరికి అన్నీ వెనక్కొచ్చాయి.

మర్నాడు ఆర్‌సీఏ కాల్. మూలకారణం వెతికే సమావేశం. 'ఎందుకు' అని ఐదుసార్లు అడగాలని ట్రైనింగులో చెబుతారుగా, మొదటి ప్రశ్నే 'ఎవరు' అయింది. "ఎవరు రన్ చేశారు?" "నేనే సార్." అయిపోయింది. ఎక్సెల్ షీటులో కారణం దగ్గర 'మానవ తప్పిదం', పరిష్కారం దగ్గర 'సిబ్బందికి అవగాహన శిక్షణ'. ఇరవై నిమిషాల్లో కాల్ ముగిసింది. తిలాపాపం తలా పిడికెడు అంటారే, ఇక్కడ పిడికెళ్ళు కూడా లేవు. మొత్తం కుర్రాడి దోసిట్లోనే పోశారు.

ఆ కాల్‌లో నేనున్నాను. మ్యూట్‌లో. ఆన్‌సైట్‌కి వెళ్ళేవాళ్ళ పేర్లు ఆ నెలలోనే ఖరారవుతున్నాయి, అందులో నా పేరుంది. మ్యూట్ తీసి 'ఆ డిఫాల్ట్ నేను పెట్టిందే' అనడానికి ఐదు సెకన్లు చాలు. తీయలేదు. మర్నాడు పొద్దున్నే ఆ లైను సరిచేసి కమిట్ చేశాను. కమిట్ మెసేజి ఏం పెట్టానో తెలుసా? 'మైనర్ క్లీనప్'.

కుర్రాడి ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించారు. నా ఆన్‌సైట్ ఎలాగూ క్యాన్సిలైంది, అది వేరే సంగతి. ఏడాది తిరక్కుండా అతను మానేసి బెంగుళూరు వెళ్ళిపోయాడు.

గురువారం రాత్రి ఆ నివేదిక చదివాక పాత రిపాజిటరీ తెరిచి చూశాను. ఆ లైను పెట్టినరోజూ ఉంది, తీసినరోజూ ఉంది, రెండిటి పక్కనా నా పేరే. గిట్ దేన్నీ మర్చిపోదు కదా. శుక్రవారం మధ్యాహ్నం అతనికి ఫోన్ చేశాను. మాట ఎలా మొదలెట్టాలో తెలియక, వాతావరణం గురించి, ట్రాఫిక్ గురించి నసిగి, చివరికి చెప్పేశాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం.

"నాకు తెలుసన్నా. ఆ రాత్రే స్క్రిప్ట్ ఓపెన్ చేసి చూశాను."

"మరి కాల్‌లో చెప్పలేదేంటి?"

"మీరు కూడా ఉన్నారు కదన్నా కాల్‌లో. మీరు చెప్తారేమో అని చూశాను."

మింగలేక కక్కలేక ఫోను పట్టుకుని ఉండిపోయాను. అతనే మళ్ళీ, "వదిలెయ్యన్నా, ఇప్పుడెందుకు. ఇప్పుడు మా టీములో ఏ స్క్రిప్ట్ ఇచ్చినా ముందు మొత్తం చదివిగానీ నడపను. అంతే తేడా" అన్నాడు. తిట్టినా బాగుండేది.



ఇప్పుడు నేను చెప్పొచ్చేదేంటంటే.. ఈ వారం నన్ను నవ్వించినవన్నీ ఒకసారి వరుసగా చూడండి. బద్ధకం, 55 శాతం నష్టం, పనికిమాలిన అప్‌గ్రేడ్, జ్ఞానానికి చచ్చిన ఫోను, పుస్తకంలో తప్పులు, పనిచెయ్యని ఐదు బ్యాకప్పులు. అన్నీ ఎక్కడో ఏదో విఫలమైన కథలే. ఎవరో ఒకరు కూర్చుని, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాశారు కాబట్టి ఇన్నేళ్ళ తర్వాత హైదరాబాదులో ఒకడు పని లేనప్పుడు చదివి నవ్వుకుంటున్నాడు, పనిలో పనిగా టైమౌట్ అంటే ఏంటో, బ్యాకప్‌ని ఎందుకు పరీక్షించాలో నేర్చుకుంటున్నాడు.

మరి మన దగ్గర ఇలాంటివి జరగవా? హైదరాబాదు నుంచి డల్లాస్ దాకా మనవాళ్ళు నడపని సిస్టమ్ ఉందా? బ్యాంకులు, విమానాలు, ఆసుపత్రులు, అన్నిచోట్లా రాత్రిపూట మేలుకుని ఉండేది మనమే. ఐదొందల మైళ్ళ మెయిల్‌ని మించిన కథలు మన దగ్గర బోలెడుంటాయి. కానీ అవి ఆఫీసు బయట చాయ్ బండి దగ్గర పుట్టి అక్కడే పోతాయి. అక్కడ కూడా రెండు రకాలే: 'నేను ఎలా కాపాడానంటే' అనేది ఒకటి, 'వాడు ఎలా ముంచాడంటే' అనేది ఇంకోటి. 'నేను ఎలా ముంచానంటే' అనేది నేను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వినలేదు, చెప్పలేదు.

మనకి హాస్యం తక్కువై కాదు. భయం ఎక్కువై. భయానికి కారణాలూ ఉన్నాయి, నేను కొట్టిపారెయ్యను. అప్రైజల్లో ఎవరో ఒకరు కింద ఉండాల్సిందే అన్నప్పుడు తప్పు ఒప్పుకోవడమంటే మనంతట మనమే వెళ్ళి ఆ కుర్చీలో కూర్చోవడం. ఫ్లాటు మీద ఈఎమ్ఐ, అమెరికాలో ఉన్నవాళ్ళకి వీసా. గిట్‌ల్యాబ్ సొంత సరుకు అమ్ముకునే కంపెనీ, మనది చాలావరకు ఇంకొకరి సిస్టమ్‌కి కాపలా. ఒప్పందంలో జరిమానా క్లాజు ఉంటుంది. యూట్యూబులో లైవ్ పెడతానంటే మర్నాడు బ్యాడ్జీ పనిచెయ్యదు. ఇదంతా నిజమే.

కానీ నా ఆ ఐదు సెకన్లకి వీటిల్లో ఏదీ అడ్డం రాలేదు. అది క్లయింటుతో కాల్ కాదు, మా టీమ్ కాల్. నేను చెప్పి ఉంటే కంపెనీకి పైసా నష్టం లేదు. పైగా లాభం: 'శిక్షణ' అనే పనికిరాని పరిష్కారం బదులు, తుడిచే స్క్రిప్టులన్నిటికీ డిఫాల్ట్ తీసెయ్యాలి అన్న అసలు పరిష్కారం ఆరోజే దొరికేది. నేను నా ఒక్క స్క్రిప్టు దొంగతనంగా సరిచేసుకున్నాను. అలాంటివే మిగతావి అలాగే ఉండిపోయాయి. తప్పు దాస్తే పోయేది ఒక కుర్రాడి పరువు మాత్రమే కాదు, దాని రిపేరు కూడా.

రహస్యాలు బయటపెట్టమని ఎవరూ అనట్లేదు. ట్రే హారిస్ ఏం చేశాడు? పేర్లు తీసేశాడు, వివరాలు కొన్ని మార్చాడు, కథ మాత్రం మిగిల్చాడు. ఇంతా చెప్పి నేనూ పైన అదే చేశాను. క్లయింటు ఎవరో మీకు తెలిసిందా? లేదు కదా.

ఇంకో మాట. మొదట చెప్పాల్సింది జూనియర్లు కాదు. ప్రొబేషన్‌లో ఉన్నవాణ్ణి 'నిజాయితీగా ఉండు' అనడం శ్రీరంగనీతి. నూత్ తన తప్పుల చిట్టా వేసింది విద్యార్థిగా ఉన్నప్పుడు కాదు, ఎవరూ వేలెత్తి చూపలేని స్థాయికి వచ్చాక. పోగొట్టుకోవడానికి తక్కువ ఉన్నవాళ్ళే ముందు నోరు విప్పాలి. అంటే లీడ్లు, మేనేజర్లు, ఆరేడేళ్ళ అనుభవం ఉన్న నాలాంటివాళ్ళు. ఆర్‌సీఏ ఫారంలో మొదటి గడిలో మనిషి పేరు ఉన్నంతకాలం మిగతా గడులన్నీ అబద్ధాలతోనే నిండుతాయి.

శుక్రవారం సాయంత్రం మా టీమ్ మీటింగులో చెప్పేశాను. లైనూ, మ్యూటూ, మైనర్ క్లీనప్పూ అన్నీ. మేనేజరు గారి ముఖం చూడలేదు, కెమెరా ఆఫ్‌లో ఉంది. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పన్నెండేళ్ళ అనుభవం ఉన్న మా ఆర్కిటెక్టు గొంతు సవరించుకుని, "నాదొకటుంది, చెప్పనా? నేను ఒకసారి దీపావళి రాత్రి లైవ్ సర్వర్‌ని షట్‌డౌన్ చేసి, నా లాప్‌టాప్ ఎందుకు ఇంకా ఆన్‌లో ఉందా అని చూస్తూ కూర్చున్నాను" అన్నాడు. అంతే, అందరూ ఒకటే నవ్వు. ఆ తర్వాత ఇంకో ఇద్దరు చెప్పారు. అవి వాళ్ళ కథలు కాబట్టి ఇక్కడ రాయను, కానీ ఒట్టు, పావురాల కథకి ఏమాత్రం తీసిపోవు. చేరి ఆర్నెల్లయిన అమ్మాయి ఒకటి మాత్రం అడిగింది: "మరి ఆయన ప్రొబేషన్ సంగతి హెచ్‌ఆర్‌కి చెప్పారా సార్?"

చెప్పలేదు. అతను మానేశాడు కదా అని నేను ఆలోచించనే లేదు. అతని ఫైలులో ఆ 'మానవ తప్పిదం' ఇంకా అలాగే ఉంటుంది. సోమవారం ఫ్రీజ్ ఎత్తేస్తారు. కోడ్ ముట్టుకునే ముందు చెయ్యాల్సిన మెయిల్ ఒకటుంది. ఆ మనిషెవరో అందులో రాయాలి, ఈసారి సరైన పేరుతో.